ఊళ్ళోకి వెళ్ళే ముందు

ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో చదివేవాళ్ళ కోసం, వాళ్ళకు పాఠాలు చెప్పే యువ అధ్యాపకుల కోసం ఈ అధ్యాయం. మహిళా సంఘం, చేనేత సహకార సంఘం, గ్రంథాలయ కమిటీ, యువజన సంఘం లాంటివి నడిపేవాళ్ళు చదివినా మంచిదే. రేపు ఏ కాలేజీ వాళ్ళో వచ్చి తలుపు తడితే వాళ్ళను ఏమడగాలో తెలుస్తుంది.

చాలాచోట్ల ఒకే పద్ధతి నడుస్తోంది. కాలేజీ బస్సు ఊళ్ళోకి వస్తుంది. బడి గోడ మీదో పంచాయతీ ఆఫీసు గోడ మీదో రెండు రోజుల్లో పెద్ద బొమ్మ తయారవుతుంది. చెట్టు, పిట్ట, పుస్తకం పట్టుకున్న ఆడపిల్ల. సర్పంచి గారితో ఫొటో దిగుతారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వార్త వస్తుంది. కాలేజీ నివేదికలో అది 'సమాజంతో భాగస్వామ్యం' అన్న శీర్షిక కిందికి చేరుతుంది. ఎండలో నిచ్చెన మీద నిలబడి ఆ బొమ్మ వేసిన పిల్లల శ్రమ చిన్నది కాదు. కానీ ఏ బొమ్మ కావాలో, అసలు బొమ్మ కావాలో వద్దో ఊరిని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆసుపత్రిలో ఏ గది ఎక్కడుందో చదువురానివాళ్ళకు కూడా తెలిసేలా గుర్తులు గీసిపెట్టమనేవాళ్ళేమో. చేనేత సంఘం వాళ్ళయితే చీర అంచుకు కొత్త నమూనా అడిగేవాళ్ళేమో. ఆ పనులకు బొమ్మ వేయడం కంటే ఎక్కువ చదువు కావాలి, ఎక్కువ ఓపిక కావాలి. చిత్రకళ చదివినవాడికి నిజమైన పరీక్ష కూడా అక్కడే ఉంది.

కాలేజీ వాళ్ళు రావడం ఆగిపోయి ఏడాదయ్యాక, వాళ్ళు కలిసి పనిచేసిన సంఘం చేతిలో ఏం మిగిలింది? భాగస్వామ్యాన్ని నేను ఈ ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను. ఈ అధ్యాయంలో చెప్పే సలహాలన్నీ దాని నుంచి పుట్టినవే.

ఇందుకు మన దేశంలోనే చెప్పుకోదగ్గ ఉదాహరణ ఉంది. రాజస్థాన్‌లో అజ్మీర్ దగ్గర జవాజా అనే బ్లాకు. కరవు ప్రాంతం. దాదాపు 200 ఊళ్ళు, 80 వేల జనం. 1975లో రవి మత్తాయ్ అక్కడ పని మొదలుపెట్టారు. అహ్మదాబాద్ ఐఐఎంకు తొలి పూర్తికాలపు డైరెక్టరుగా పనిచేసి, పదవిని తనంతట తానే వదులుకున్న మనిషి ఆయన. మేనేజ్‌మెంట్ చదువు పెద్ద కంపెనీలకేనా, పేద పల్లెకు కూడా అక్కరకొస్తుందా అన్నది తేల్చుకోవాలనుకున్నారు. అదే నగరంలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆయనతో చేయి కలిపింది. ఆ సంస్థను నడుపుతున్న అశోక్ చటర్జీ, అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు జవాజా దారి పట్టారు. ఆ ప్రాంతానికి వనరులే లేవని ప్రభుత్వ లెక్కలు తేల్చేశాయి. మత్తాయ్ బృందం మాత్రం అక్కడి మనుషులనే వనరుగా చూసింది. తోలు పని తెలిసిన రైగర్లున్నారు, మగ్గం తెలిసినవాళ్ళున్నారు. అక్కడి నుంచే మొదలుపెట్టారు.

వాళ్ళు తయారుచేసిన తోలు సంచిని కాస్త దగ్గరగా చూద్దాం. మనలో ఎవరికైనా సంచి డిజైన్ చేయమంటే ముందు ఏం రాసుకుంటాం? మంచి కుట్టుమిషను, గట్టి నైలాన్ దారం, ఇత్తడి బకిల్స్, జిప్పు. ఇవన్నీ పట్నం నుంచి రావాలి. వాటిలో ఏ ఒక్కటి అందకపోయినా పని ఆగిపోతుంది, తెచ్చిపెట్టేవాడు చెప్పిందే ధర అవుతుంది. జవాజా సంచిని తోలుతోనే కుట్టారు. తోలును సన్నని పట్టీలుగా కోసి, అంచుల వెంట వరసగా కన్నాలు పొడిచి, ఆ పట్టీనే దారంగా దూర్చి బిగించారు. చేతి పనిముట్లు చాలు, కరెంటు అక్కర్లేదు, ఇంటి ముందు కూర్చుని చేసుకోవచ్చు. అవసరం కోసం వేసిన ఆ కుట్టే సంచికి అందమైంది. పట్నంలో కొనేవాళ్ళను ఆకట్టుకున్నదీ అదే. ఏ వస్తువు బయటి నుంచి రావాలి, ఏది రాకూడదు అన్న నిర్ణయం కూడా డిజైనర్ పనిలో భాగమేనని ఆ ఒక్క సంచి చాలా పాఠ్యపుస్తకాల కంటే బాగా చెబుతుంది.

ఇది రెండు మూడు నెలల్లో అయిన పని కాదు. సంచి కుట్టడం వచ్చినంత తొందరగా లెక్కలు రాయడం, బ్యాంకులో మాట్లాడటం, నగరపు వ్యాపారితో బేరమాడటం రావు. వాటిని నేర్చుకోవడానికే ఏళ్ళు పడతాయి. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఒకనాటికి అక్కర్లేకుండా పోవాలి అన్నది అక్కడ మొదటి నుంచీ పెట్టుకున్న లక్ష్యం. ఆ పనివాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం పేరు ఆర్టిజన్స్ అలయన్స్ ఆఫ్ జవాజా. మత్తాయ్ 1984లో కన్నుమూశారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆ సంఘం పేరు మీదే వాళ్ళ సరుకు అమ్ముడుపోయింది.

కాబట్టి మీ ప్రాజెక్టులో వాడబోయే వస్తువుల పట్టీ ఒక కాగితం మీద రాయండి. మీరు పక్కన లేకపోయినా మీరు పనిచేసే సంఘానికి దొరికేవేవో చూసి, వాటి పక్కన టిక్కు పెట్టండి. టిక్కులు సగం కూడా లేకపోతే డిజైన్ మార్చండి.

జవాజాకు ముందు కూడా ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. శాంతినికేతన్ కథ అందరికీ కొంత తెలిసిందే. నందలాల్ బోస్ నడిపిన కళాభవన్ 1919లో మొదలైంది. మూడేళ్ళకు, 1922లో, పక్కనే ఉన్న సురుల్ ఊళ్ళో పల్లెల బాగు కోసం శ్రీనికేతన్ పుట్టింది. బొమ్మలు నేర్పే చోటికీ చేతిపనులు నేర్పే చోటికీ మధ్య రాకపోకలు ఉండాలన్నది ఠాగూర్ ఆలోచన. శ్రీనికేతన్‌లోని శిల్పభవన్‌లో నేర్పిన తోలు పని, బాతిక్ చుట్టుపక్కల ఇళ్ళలోకి చేరి బతుకుతెరువు అయ్యాయి. బోల్‌పూర్ ప్రాంతంలో చేసే శాంతినికేతన్ తోలు సంచులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన శ్రీకాళహస్తిలో కలంకారీ దాదాపు అడుగంటిన రోజుల్లో, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ గురువులను బయటి నుంచి తేలేదు. కలం పట్టడం తెలిసిన స్థానిక కళాకారుల చేతనే నేర్పించారు. ఇవాళ ఆ పట్నంలో కలంకారీ మీద బతికే కుటుంబాలను చూస్తే ఆ నిర్ణయం ఎంత సరైనదో తెలుస్తుంది.

ఇక మీ మొదటి సమావేశం సంగతి. ఇక్కడే ఎక్కువ భాగస్వామ్యాలు దారి తప్పుతాయి. ఒక మహిళా సంఘం నెలవారీ మీటింగుకు వెళ్ళారనుకోండి. మీకు కుర్చీలు వేసి, వాళ్ళు చాప మీద కూర్చుంటారు. టీ వస్తుంది. మీరు ల్యాప్‌టాప్ తీసి, "అమ్మా, మీకేం కావాలో చెప్పండి, మేం చేస్తాం" అంటారు. లీడరమ్మ పక్కవాళ్ళ వైపు చూసి, "మీ ఇష్టమండీ, మీకు తోచింది వేయండి, పిల్లలు బాగా వేస్తారంట కదా" అంటుంది. మీరు దాన్ని సమ్మతిగా రాసుకుంటారు. అది సమ్మతి కాదు, మర్యాద. ఇంటికొచ్చినవాళ్ళ మాట కాదనలేక అన్న మాట.

ఆ రోజు ల్యాప్‌టాప్ తీయకండి. కుర్చీ వదిలి మీరూ చాప మీదే కూర్చోండి. వాళ్ళ మీటింగు వాళ్ళను జరుపుకోనివ్వండి. పొదుపు డబ్బు లెక్కపెట్టడం, అప్పు కిస్తీ ఎవరు కట్టలేదో మాట్లాడుకోవడం, పుస్తకంలో రాయడం అన్నీ అయ్యేదాకా చూస్తూ ఉండండి. ఆ గంటలోనే ఎవరి మాట చెల్లుతోందో, ఎవరు మౌనంగా ఉన్నారో, ఏ పని ఎక్కడ ఆగిందో సగం తెలిసిపోతుంది. తర్వాత ఈ ప్రశ్న అడగండి: "అక్కా, మాకంటే ముందు మీ దగ్గరికి ఎవరెవరు వచ్చారు? ఏం చేసి వెళ్ళారు?" అప్పుడు మాటలు వస్తాయి. ఎవరో కుట్టుమిషన్లు ఇచ్చారు, బాగుచేసేవాళ్ళు లేక మూలన పడ్డాయి. ఎవరో ఫొటోలు తీసుకున్నారు, పంపుతామన్నారు, పంపలేదు. ఎవరో శిక్షణ ఇచ్చారు, కానీ చేసిన సరుకు ఎక్కడ అమ్మాలో చెప్పలేదు. ఆ ఫిర్యాదులను ఒక్కటీ వదలకుండా రాసుకోండి. మీరు ఏం చేయకూడదో అందులో ఉంటుంది. ఏం చేయాలో కూడా చాలావరకు అందులోనే దొరుకుతుంది.

కనీసం మూడు నాలుగు సార్లు ఇలా వెళ్ళొచ్చాకే పని మాట ఎత్తండి. కాలేజీ వాళ్ళకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. సెమిస్టర్ ఆర్నెల్లే, మధ్యలో ఇంటర్నల్స్, సబ్మిషన్లు. ఊరి క్యాలెండర్ వేరు. నాట్లప్పుడు, కోతలప్పుడు మీటింగులకు ఎవరూ రారు. దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ సీజను ముందు నేతగాళ్ళకు తల తిప్పుకునే తీరిక ఉండదు. ఈ రెండు క్యాలెండర్లనూ ఒకే కాగితం మీద పక్కపక్కనే గీసుకుని, రెండింట్లోనూ ఖాళీగా ఉన్న వారాలను ఎంచుకోండి. నా ఉద్దేశంలో ఒకే సంఘంతో కనీసం మూడేళ్ళు పనిచేస్తామని కాలేజీ మాట ఇవ్వాలి. ఒక్క సెమిస్టర్‌తో తెగిపోయే పనిని భాగస్వామ్యం అనడానికి నాకు నోరు రాదు. బ్యాచ్‌లు మారతాయి కాబట్టి మూడో సంవత్సరం వాళ్ళతో పాటు మొదటి సంవత్సరం వాళ్ళు కూడా ఊరికి వెళ్ళాలి. ఎవరిని కలిశారు, ఏమనుకున్నారు, ఏ మాట ఇచ్చారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి కిందివాళ్ళకు అప్పగించాలి. అధ్యాపకుడు బదిలీ అయినా ఆ పుస్తకం డిపార్ట్‌మెంటులోనే ఉండాలి.

ఒప్పందం రాసుకోండి. స్నేహంగా ఉన్నాం కదా, కాగితం ఎందుకు అనుకోవద్దు. స్నేహం నిలవాలంటేనే కాగితం కావాలి. రెండు పేజీలు మించకూడదు, తెలుగులో ఉండాలి, సంతకం పెట్టే ముందు అందరి ఎదుటా పైకి చదవాలి. ఎవరు ఏ పని చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు, సామాన్ల ఖర్చు ఎవరిది, వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, ఫొటోలు ఎక్కడ వాడుకోవచ్చు, మధ్యలో ఎవరైనా తప్పుకోవాలనుకుంటే ఎలా అన్నవి స్పష్టంగా ఉండాలి. పిల్లలతో చేసే పనైతే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, పెద్దవాళ్ళెవరూ లేకుండా వర్క్‌షాపు పెట్టవద్దు. ఈ విషయంలో బతిమాలినా రాజీ పడకండి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, చేసిన పని ఎవరిది అన్నది. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని గోడ నుంచి పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్ళారు. పోరాటం ఏళ్ళ తరబడి నడిచింది. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి, మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇమ్మంది, 5 లక్షల రూపాయల పరిహారం కూడా ఇప్పించింది. కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కళాకారుడికి ఇచ్చే నైతిక హక్కుల గురించి మన దేశంలో ఎప్పుడు మాట వచ్చినా ఈ తీర్పే ముందుకొస్తుంది. అలాంటి హక్కులు గోడ మీద బొమ్మ వేసిన విద్యార్థికీ వర్తిస్తాయి. ఇంకోవైపు, నాలుగేళ్ళకు ఆ గోడకు మళ్ళీ సున్నం వేసుకోవాల్సిన అవసరం బడికి రావచ్చు. అందుకే ముందే మాట్లాడుకోండి. ఎన్నేళ్ళు ఉంచుతారు, చెరిపే ముందు ఎవరికి కబురు చేస్తారు, ఆ లోపల పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఇవి రాసుకుంటే ఇరుపక్షాలకూ మనస్తాపం ఉండదు.

గోడ మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. ఊరు నిజంగానే బొమ్మ కావాలంటే, ఆ గోడను వర్షాకాలంలో ఒకసారి చూసి రండి. చెమ్మ ఎక్కడిదాకా ఎక్కుతోందో తెలుస్తుంది. పాత సున్నపు పొరలు పూర్తిగా గీకకుండా రంగు వేస్తే పెచ్చులుగా ఊడిపోతుంది. కొత్త సిమెంటు ప్లాస్టరింగు అయితే అది బాగా ఆరేదాకా కొన్ని వారాలు ఆగండి. ప్రైమర్ కొట్టి, బయటి గోడలకు వాడే ఎమల్షన్ వేయండి. నేలకు ఆనుకున్న అడుగు, అడుగున్నర మేర బొమ్మ లేకుండా ఒకే ముదురు రంగు వేసి వదిలేస్తే వాన చినుకుల మట్టి పడినా పనికి నష్టం ఉండదు. వానలు తగ్గాక, చలికాలంలో పని పెట్టుకోవడం మంచిది.

సంప్రదాయ కళాకారులతో పని చేసేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. చేర్యాల నకాషీ పటం ఎలా తయారవుతుందో చూడండి. నేత గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు కలిపి మళ్ళీ మళ్ళీ పూత పూసి, ఆరబెట్టి, నున్నగా చేస్తే తప్ప దాని మీద కుంచె నడవదు. ఎంత చిక్కగా పూయాలి, ఎండ ఎంతసేపు తగలాలి అన్నది ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళ వేళ్ళకు తెలుసు. అలాంటి మనిషిని కాలేజీకి పిలిచి, గంటసేపు ప్రదర్శన చేయించి, శాలువా కప్పి పంపడం గౌరవం అనిపించుకోదు. ఆయన కూడా గురువే. బయటి నుంచి వచ్చే గెస్ట్ లెక్చరర్‌కు ఎంత ఇస్తారో ఆయనకూ అంతే ఇవ్వాలి, టైమ్‌టేబుల్లో ఆయన పేరు ఉండాలి. కళాకారులను, చేతివృత్తులవాళ్ళను విద్యాసంస్థల్లో ఉంచి బోధింపజేయడానికి యూజీసీ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. 'డిగ్రీ లేదు కదా' అన్న సాకు ఇక చెల్లదు. మీ ప్రిన్సిపాల్ గారికి ఆ సంగతి చెప్పండి.

విద్యార్థి ఇలాంటి కళాకారుల దగ్గర చూసిన నమూనాను తెచ్చి తన డిజైన్‌గా అమ్ముకోవడం గురించి కూడా ముక్కుసూటిగా చెప్పాలి. అది చోరీ. పోచంపల్లి ఇక్కత్, చేర్యాల పటం, శ్రీకాళహస్తి కలంకారీ లాంటివాటికి 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద రక్షణ ఉంది. చట్టం పట్టుకోలేని చోట కూడా మనస్సాక్షి పట్టుకోవాలి. ఆ నమూనా నుంచి కొత్తది పుట్టించాలనుకుంటే వాళ్ళను అడగండి, వాళ్ళ పేరు వేయండి, వచ్చిన దానిలో వాళ్ళ వాటా ఇవ్వండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి కూడా ఆ ఖర్చుకు అర్హమైన జాబితాలో ఉంది. ఆ నిధులు తీసుకునే సంఘం రిజిస్టరై ఉండాలి, 2021 నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా దాఖలు చేయాలి. ఈ కాగితాల పనిలో సంఘానికి సాయం చేయడం బొమ్మ వేయడం కంటే పెద్ద మేలు కావచ్చు. అయితే కంపెనీ డబ్బు వస్తేనే మొదలుపెడతామని కూర్చోకండి. బస్సు చార్జీలు, నాలుగు డబ్బాల రంగు, ఒక రీము కాగితంతో మొదలయ్యే పని ముందు చేయండి. ఆ పని చూసి డబ్బు ఇచ్చేవాళ్ళు వస్తారు. వచ్చినప్పుడు అది కాలేజీ ఖాతాలోకి కాకుండా సంఘం ఖాతాలోకే వెళ్ళేలా చూడండి. ఖాతా ఎవరిదైతే నిర్ణయం వాళ్ళదవుతుంది.

ఇంత చెప్పాక, ఇందులో విద్యార్థికి ఏం లాభం అని ఎవరైనా అడగవచ్చు. చాలా ఉంది. మార్కులు పక్కన పెట్టండి. తన బొమ్మ నచ్చలేదని ముఖం మీద చెప్పగలిగే మనుషుల మధ్య పనిచేయడం స్టూడియోలో దొరకదు. రెండు రూపాయల ఖర్చు తేడాతో డిజైన్ మొత్తం మార్చాల్సి రావడం, తన పేరు ఎక్కడా కనబడని పనికి తన శక్తినంతా పెట్టడం కూడా అక్కడ దొరకవు. పట్టా చేతికొచ్చాక క్లయింటు ముందు కూర్చున్న రోజున ఈ అనుభవమే మాట్లాడుతుంది. ఎవరు చెప్పినా ఓపికగా వినడం అలవాటైనవాడి కుంచె కూడా మారుతుంది.

మీ కాలేజీ గేటు నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఏ సంఘాలున్నాయో ఈ వారం ఒక కాగితం మీద రాయండి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని వాళ్ళ తర్వాతి మీటింగు ఎప్పుడో కనుక్కోండి. కెమెరా లేకుండా, ప్రతిపాదన లేకుండా, ఇద్దరే వెళ్ళండి. ముందు వచ్చినవాళ్ళు ఏం చేసి వెళ్ళారో అడగండి, చెప్పింది రాసుకోండి, మళ్ళీ ఎప్పుడు వస్తారో తేదీ చెప్పండి. ఆ తేదీకి తప్పకుండా వెళ్ళండి.